మోటర్‌హోమ్ వెనుక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్: గేరు న్యూట్రల్‌లో ఉంటే చాలా?

ప్రశ్న: మాది ఆటోమేటిక్ గేరుబాక్సు గల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. దానిని ట్రైలర్ లేకుండా, నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లేటట్లు మోటర్‌హోమ్ (ఇల్లులా వసతులున్న పెద్ద బండి) వెనుక కట్టి లాగాలనుకుంటున్నాను. గేరును న్యూట్రల్‌లో ఉంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ, దయచేసి అలా లాగకండి. చాలా ఆటోమేటిక్ గేరుబాక్సులలో నూనె పంపును తిప్పేది ఇంజనే కనుక, ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు మైళ్ల కొద్దీ తిరుగుతూ పోతే, లోపలి భాగాలకు నూనె అందక అవి వేడెక్కి పాడైపోతాయి. న్యూట్రల్‌లో ఉండవలసినది ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేరుబాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే భాగం. అన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకూ న్యూట్రల్ ఉండదు కాబట్టి, బండితో వచ్చిన పుస్తకంలో ముందుగా చూడండి.

ప్రశ్న అడిగినవారు: చూశాను, ఉంది. అది సరిగా పడిందని తెలుసుకోవడం ఎలా?

మరొక జవాబు: సమతలంగా ఉన్న చోట ఇంజన్ నడుస్తుండగా గేరును డ్రైవ్‌లోకి, ఆ తరువాత రివర్సులోకి మార్చి, ప్రతిసారీ బ్రేకును మెల్లగా వదిలి చూడండి. బండి ఎటూ కదలకపోతే న్యూట్రల్ పడినట్లే. మా పికప్ ఒకసారి అంగుళమంత ముందుకు జరిగింది. ఆ అంగుళమే మా గేరుబాక్సును కాపాడింది.

ఇంకొక జవాబు: స్టీరింగ్ లాకు తీసి ఉంచండి, పికప్‌కు అదనపు బ్రేకు పరికరం అమర్చండి. కట్టి ఉండగా మాత్రం వెనక్కు నడపకండి. పికప్ ముందు చక్రాలు అడ్డం తిరిగి, రెండు బండ్లనూ కలిపే కడ్డీ అయిన టో బార్ వంగిపోవచ్చు.