అప్‌డేట్: కోచ్ దగ్గర చేరాను

పని ఒత్తిడి ఇంట్లోకీ వస్తోంది, డబ్బు పెట్టి లైఫ్ కోచ్ (మన సమస్యకు మనమే దారి వెతుక్కునేలా మాట్లాడించేవారు) దగ్గర చేరడం దండగేనా అని ఆగస్టులో అడిగాను కదా. చేరాను. మొదటి రెండు వారాలు దండగే అనిపించింది. ఆమె సలహాలు ఇవ్వరు, ప్రశ్నలే అడుగుతారు. మూడో వారం, "శనివారం మీరు ఫోను తీయకపోతే ఏమవుతుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇక శనివారాలు ఆఫీసు ఫోను తీయనని ఆ రాత్రే మేనేజరుకు రాశాను. ఆయన "సరే" అన్నారు. అంతే! నాలుగేళ్లుగా భయపడింది దీనికా?

అలా దొరికిన శనివారం, అక్టోబరులో, రంగులు మారే ఆకులు చూడటానికి బోస్టన్ నుంచి పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లోని కాంకమాగస్ అనే కొండదారికి వెళ్లాం. లింకన్ నుంచి కాన్వే దాకా సుమారు 55 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు బంకు లేదు, ఫోను సిగ్నలూ అంతంతమాత్రమే. నాకు అదే కలిసొచ్చింది. మేపుల్ చెట్లన్నీ కుంకుమ రాశి పోసినట్టున్నాయి. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం "అయ్యో, అన్నీ ఎండిపోతున్నాయా?" అని దిగులుపడింది. ఆకుల్లో పచ్చదనం తగ్గాక దాగి ఉన్న పసుపు బయటపడుతుందని, ఎరుపు అప్పుడే కొత్తగా తయారవుతుందని మా అబ్బాయి వివరించాడు. అమ్మ విని, ఎర్రటి ఆకులు ఏరి కొంగున మూటగట్టుకుంది. స్విఫ్ట్ నది ఒడ్డున పులిహోర తిన్నాం.

ఆదివారం రాత్రి ల్యాప్‌టాప్ తెరవడం ఇంకా మానలేదు. దాని సంగతి వచ్చే వారం ఆమెతో మాట్లాడాలి.