అప్‌డేట్: ఎన్‌క్లెక్స్ మళ్లీ రాయడానికి సిద్ధమవుతున్నాను

అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష మొదటిసారి తప్పిన తరువాత, బెంగళూరులో రాత్రి డ్యూటీలు చేస్తూ మళ్లీ చదవడం సాధ్యమేనా అని కిందటిసారి అడిగాను. ముందు పనితీరు నివేదిక చదవమని ఒక అక్క ఇచ్చిన సలహా నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది.

తప్పినవారికి మాత్రమే వచ్చే ఆ నివేదికను తెరవడానికి మనసు ఒప్పుకోలేదు గానీ, ఏ విభాగంలో మనం ఉత్తీర్ణతా ప్రమాణానికి పైన ఉన్నామో, దగ్గరగా ఉన్నామో, కింద ఉన్నామో అందులో స్పష్టంగా ఉంటుంది. నాకు మందుల విభాగం, సంరక్షణ నిర్వహణ విభాగం కింద ఉన్నాయి. అందుకే ఇప్పుడు వాటికే ఎక్కువ సమయం ఇస్తున్నాను.

డిగాక్సిన్ అనే గుండె మందు తీసుకునే పెద్దవారికి గుండె స్పందన నిమిషానికి 60 కన్నా తగ్గితే మోతాదు ఆపి వైద్యుడికి తెలపాలన్నది వార్డులో పనిచేసే మనందరికీ తెలిసినదే. అయితే అదే రోగికి పొటాషియం తగ్గి, వాంతులై, చూపు పసుపుగా మారితే దేన్ని ముందు గుర్తించాలి, ఏ పని ముందు చేయాలి అని ఒకే కేసు మీద వరుసగా 6 ప్రశ్నలు వస్తాయి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఈ పద్ధతికి మన కళాశాల పరీక్షలు ఏమాత్రం అలవాటు చేయలేదని నా అభిప్రాయం.

మళ్లీ రాయడానికి 45 రోజుల వ్యవధి, కొత్తగా రుసుము, కొత్త అనుమతి పత్రం తప్పవు. మా ఇన్‌ఛార్జి సిస్టర్ దయతో రాత్రి డ్యూటీలన్నీ ఒకచోట కలిపి వేస్తున్నారు కనుక, మిగిలిన రోజుల్లో నేనూ నా రూమ్మేటూ తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణాన్ని తెలుగులోనే నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. ఆ రెండు విభాగాల్లో సాధన పరీక్షల ఫలితాలు నిలకడగా వచ్చాకే తేదీ తీసుకుంటాను.