నాన్న పొలంలో మందు కొడితే పుట్టే మగబిడ్డకు లోపం వస్తుందా?

గుంటూరు మేనమామ:
మా చెల్లి కొడుక్కి మూడో నెల. ఎడమ వృషణం సంచిలోకి దిగలేదన్నారు డాక్టరు. బావది ప్రత్తిపాడు దగ్గర మూడెకరాల మిర్చి. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పటి నుంచి పంపు భుజం దిగడం లేదు. చెల్లి అత్తగారేమో గ్రహణం నాడు కూరగాయలు తరిగిందంటున్నారు. నేను మాత్రం మందే కారణం అన్నాను. బావకీ నాకూ మాటల్లేవు. తప్పంటారా?

మిర్చి రైతు:
ఇరవై ఏళ్లుగా కొడుతున్నా. ఇద్దరు మగపిల్లలు, ఏ లోపమూ లేదు. టౌనులో పంపు మొహం చూడనివాళ్లకి ఇలాంటి పిల్లలు పుట్టడం లేదా తమ్ముడూ? అన్నీ రైతు నెత్తినేనా?

బెజవాడ నర్సు:
మీ ఇద్దరు పిల్లలతో తేలే లెక్క కాదండీ ఇది. నెలలు నిండిన మగపిల్లల్లో నూటికి ముగ్గురికి ఇలా ఉంటుంది, నెలలు నిండకపోతే ముప్పై మంది దాకా. మగ అవయవాలు రూపు దిద్దుకునేది తల్లి కడుపులో మూడో నెల చుట్టుపక్కల, మగ హార్మోన్ పనిచేస్తేనే. డీడీటీ అనే పురుగుమందు విరిగితే వచ్చే డీడీఈ ఎలుకల్లో ఆ హార్మోన్‌కి అడ్డుపడిందని 1995లోనే తేలింది. మనుషుల్లో మాత్రం ఒక పరిశోధన అవునంటే ఇంకోటి కాదంటోంది. 2004లో ఒకే పద్ధతిలో పరీక్షిస్తే డెన్మార్క్‌లో 9 శాతం మగపిల్లలకి ఈ లోపం కనిపించింది, ఫిన్లాండ్‌లో 2.4 శాతమే. గ్రహణం రెండు దేశాలకీ ఒకటే కదండీ! అందుకే రసాయనాల మీద నాకు అనుమానం పోదు. అంతమాత్రాన ఫలానా బిడ్డకి ఫలానా మందు వల్లే అని ఎవరూ చెప్పలేరు. బాబు ఎన్ని వారాలకి పుట్టాడు?

గుంటూరు మేనమామ:
34 వారాలకే. రెండు కిలోలు కూడా లేడు. అది నేను లెక్కలోకే తీసుకోలేదు. కానీ కడుపుతో ఉన్నన్నాళ్లూ మందు వాసన కొట్టే ఆ లుంగీ, చొక్కా చెల్లే చేత్తో ఉతికింది.

మిర్చి రైతు:
అది మాత్రం తప్పే. నేను బోరు దగ్గరే స్నానం చేసి, బట్టలు అక్కడే జాడించి ఇంటికెళ్తా. మా ఆవిడ తిట్టి తిట్టి నేర్పించింది లెండి.

బెజవాడ నర్సు:
నెలలు నిండక పుట్టిన పిల్లల్లో చాలామందికి దానంతటదే దిగుతుంది. అసలు పుట్టాల్సిన తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టుకుని మళ్లీ చూపించండి. అప్పటికీ దిగకపోతే ఏడాదిన్నర లోపు చిన్న ఆపరేషన్ చేస్తారు. ఈలోగా నూనె రాసేటప్పుడు కిందికి లాగుతామని ఎవరైనా కూర్చుంటే ఊరుకోవద్దు. చూపించడానికి వెళ్లేటప్పుడు మీ బావని కూడా తీసుకెళ్లండి.

గుంటూరు మేనమామ:
ఫోన్ చేశానండీ. ఎత్తలేదు. సాయంత్రం వెళ్తా.