అప్‌డేట్: అమ్మ రిపోర్టులో ‘బెథెస్డా 3’

అమ్మ మెడలో థైరాయిడ్ గడ్డకి సూది పరీక్ష చేయిస్తే ‘బెథెస్డా కేటగిరీ 3’ అని వచ్చింది, అంటే క్యాన్సర్ మూడో స్టేజా అని అడిగాను కదా. కాదండీ, స్టేజీకీ దీనికీ సంబంధమే లేదు.

ఒక్కో ల్యాబ్ ఒక్కో మాట రాస్తుంటే డాక్టర్లకే అయోమయమని, 2007లో అమెరికాలోని బెథెస్డాలో కూర్చుని అందరికీ ఒకటే పద్ధతి అనుకున్నారట, పేరు ఆ ఊరిదే. మొత్తం 6 కేటగిరీలు. 1 అంటే కణాలు సరిపడా రాలేదని, 2 మామూలు గడ్డ, 6 అయితే క్యాన్సరే. మాకొచ్చిన 3కి అర్థం, కణాలు కాస్త తేడాగా ఉన్నాయి గానీ ఇదీ అని తేల్చలేమని. 2023 ఎడిషన్ ప్రకారం ఇందులో క్యాన్సర్ రిస్కు సుమారు 13 నుంచి 30 శాతం.

మూడు నెలలాగి మళ్లీ సూది పెట్టించాం. అమ్మకి సూదంటే భయం లేదు, కానీ గుటక వేయొద్దు అన్నప్పుడే గుటకలొస్తాయని ఇంటికొచ్చాక ఒకటే నవ్వు. ఈసారి 2 వచ్చింది! ఏడాదికోసారి స్కానింగ్ చాలన్నారు. మొదటి రిపోర్టు చేతిలో పెట్టినప్పుడే ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మాకంత టెన్షన్ ఉండేది కాదు.