గుంటూరులో ఇంటి నుంచి పని: 40,000 రూపాయల్లో ముందు ఏం కొనాలి?

బ్రాడీపేట వాసి:
అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు, పడమటి గది. ఆఫీసు లాప్‌టాప్ ఉంది. రోజుకు 9 గంటల పని, సగం వీడియో కాల్సే. ఇప్పటికి డైనింగ్ టేబుల్, ప్లాస్టిక్ కుర్చీతో నెట్టుకొస్తున్నాను. కుర్చీ, టేబుల్, మానిటర్, ఇన్వర్టర్‌లో ఏది ముందు కొనాలి, ఏది ఆపుకోవచ్చు?

పటమట ఫర్నిచర్:
టేబుల్ ఆపేయండి, ముందు కుర్చీ కొనండి. 12,000 దాకా పెట్టినా దండగ కాదు. డైనింగ్ టేబుల్ ఎత్తు ఇంచుమించు 75 సెం.మీ. ఉంటుంది. కూర్చున్నప్పుడు మోచేతులు బల్ల ఎత్తుకు రాకపోతే భుజాలు పైకి లేస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కాబట్టి కుర్చీ పైకి లేపండి, పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోండి.

షాపులో పావుగంటైనా కూర్చుని చూడండి. వీపు పూర్తిగా ఆనించాక మోకాలి వెనక్కీ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. పట్టలేదంటే సీటు లోతు మీకు ఎక్కువ. తెలియకుండానే ముందుకు జరుగుతారు, ఇక నడుముకు ఆసరా ఉండదు. మన ఎండలకు రెక్సిన్ వద్దేవద్దు, గాలాడే వల అల్లిక ఉన్నది (మెష్) తీసుకోండి. తల ఆనించే దిండు లేకపోయినా ఫరవాలేదు.

మానిటర్ తర్వాత చూసుకోవచ్చు. లాప్‌టాప్ స్టాండు, విడి కీబోర్డు, మౌస్ మాత్రం ఇప్పుడే తీసుకోండి. స్టాండు ఒక్కటే కొంటే చేతులు పైకెత్తి టైప్ చేయాల్సొస్తుంది.

ఇన్వర్టర్ మెకానిక్, ఆటోనగర్:
కుర్చీ సంగతి సరే. లాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది, కరెంటు పోగానే ఆగేది నెట్. మీ దగ్గర కోతలు అరగంట లోపే అయితే రౌటర్‌కు మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) చాలు. రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ రాసుందో చూసి కొనండి. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంప్స్ ఎక్కువున్నా ఇబ్బంది లేదు. ఫైబర్ పెట్టె విడిగా ఉంటే దానికీ ఇవ్వాలి, లేకపోతే వైఫై కనిపిస్తుంది గానీ నెట్ రాదు.

అయితే పై అంతస్తు, పడమటి గది అంటున్నారు, మే నెలలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేరు. ఫ్యాను 75, లాప్‌టాప్ 65, లైటు 20, నెట్ పెట్టెలు 20, మొత్తం 180 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ లెక్కకు 1800 వాట్ అవర్. నష్టాలు పోను చేతికొచ్చేది 1100 అనుకోండి, ఆరు గంటలు నడుస్తుంది. తక్కువ కరెంటు తీసుకునే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే ఎనిమిది గంటలు. ఇన్వర్టర్ ఇంటి కరెంటు లాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్‌దే తీసుకోండి, స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్ గుయ్యిమంటుంది, అడాప్టర్లు వేడెక్కుతాయి. బ్యాటరీని ఆ పడమటి గదిలో పెట్టకండి. వేడికి నీళ్ళు తొందరగా ఇంకుతాయి, ఆయుష్షు తగ్గుతుంది. పోసేది డిస్టిల్డ్ వాటరే, కుళాయి నీళ్ళలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి.

బ్రాడీపేట వాసి:
ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అవుతుందా అండీ? ఇంకోటి, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చిమచిమలాడుతోంది.

ఇన్వర్టర్ మెకానిక్, ఆటోనగర్:
కొన్ని రౌటర్లు అవుతాయి. ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మారే సమయం బాగా తగ్గుతుంది.

రెండోది ముందు చూడాల్సింది, అన్నిటికంటే అవసరం. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెడితే తీసేయండి. అయినా తగ్గకపోతే ఎర్తింగ్ మీద అనుమానం పడాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్లో మల్టీమీటర్‌తో వోల్టులు కొలిపించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రాకపోతే ఎర్త్ వైరు ఎక్కడో ఊడి ఉండొచ్చు. అది బాగుచేయించాకే ఇన్వర్టర్ పెట్టించండి.