మా రిసార్ట్ నిజంగానే మూసేస్తున్నారా?

ఏటా మేం వెళ్లే సరస్సు ఒడ్డు రిసార్ట్‌లో పాత కాటేజీలన్నీ పడగొట్టి టవర్ కడతారట. వాట్సాప్‌లో బొమ్మ కూడా తిరుగుతోంది. వేసవికి అడ్వాన్స్ కట్టేశాను, టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజమెంత?

జవాబు: హోటల్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాణ్ణి. ఆ బొమ్మ సంగతి వదిలేయండి. ఆర్కిటెక్టులు గీసినవన్నీ కడితే ఇంకేముంది! పడగొట్టాలంటే మామూలుగా స్థానిక సంస్థ అనుమతి ఉండాలి, దరఖాస్తు పెట్టారేమో అక్కడ కనుక్కోండి. పరుపులు, కర్టెన్లు, కార్పెట్లు మార్చడమైతే ఒక్కో బ్లాకే మూస్తారు, మిగతాది నడుస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు ముందుగా ఒక నమూనా గది తయారుచేస్తారు. దాన్ని చూసి ఎవరో కథ అల్లి ఉంటారు.

ఇంకొకరు: రిసెప్షన్‌లో కుర్రాడే చెప్పాడండీ, మూసేస్తారని. ఆన్‌లైన్‌లో గదులు కూడా చూపించట్లేదు.

జవాబు: పెళ్లివాళ్లు మొత్తం తీసుకున్నా గదులు కనపడవు. రిసెప్షన్‌కి ఇలాంటివి చివర్లో తెలుస్తాయి. మేనేజర్‌కి మెయిల్ పెట్టండి: నా తేదీల్లో ఏవేవి మూసి ఉంటాయి, మూస్తే డబ్బు వాపసిస్తారా అని. ఫోన్లో చెప్తే ఒప్పుకోవద్దు.

అడిగినవారు: జవాబొచ్చింది. ఈతకొలను ఒక్కటే మరమ్మతట, కాటేజీల జోలికి పోరట. పిల్లలకి కొలను సంగతి ఇంకా చెప్పలేదు.