చర్చ: ఇంట్లో ఉంటే మొరుగుడు, తాళం వేస్తే మూలుగు

నిద్రలేని మనిషి:
మా కుక్కకు మూడేళ్ళు. మేము ఇంట్లో ఉన్నంతసేపూ కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయే ప్రతి నీడనూ చూసి మొరుగుతుంది. తాళం వేసి బయటికి వెళ్ళగానే మూలగడం మొదలుపెడుతుందని పక్కింటివారు చెబుతున్నారు. ఎంతసేపు మూలుగుతుందో మాకు తెలియదు. వారు మాత్రం రోజంతా అంటున్నారు. గదమాయించి చూశాము, బుజ్జగించి చూశాము, తిండి కూడా మార్చి చూశాము. ఈ రెండూ ఒకే జబ్బా, వేర్వేరా? తోడుగా రెండో కుక్కను తెస్తే తగ్గుతుందా? పక్కింటివారితో మాటలు ఇప్పటికే తగ్గిపోయాయి కాబట్టి, అనుభవం ఉన్నవారు కాస్త తొందరగా చెబితే మేలు.

తోకపురాణం:
ముందు ఆ కిటికీ సంగతి చూడండి. దారిన పోయేవాడు ఎలాగూ తన దారిన తాను పోతాడు, కానీ తన మొరుగుడు వల్లే పోయాడని కుక్క లెక్క వేసుకుంటుంది. అంటే అది రోజుకు యాభై యుద్ధాలు చేసి, యాభైలోనూ గెలుస్తోంది. అంతటి వీరుణ్ణి మీరు గదమాయించి ఆపగలరా? మేము కిటికీ అద్దానికి కుక్క కన్ను ఆనే ఎత్తు వరకు మసక కాగితం అంటించాము. వెలుతురు వస్తుంది, మనిషి ఆకారం కనబడదు. దానితో పాటు, మొరగడం మొదలుపెట్టగానే పేరు పెట్టి పిలిచి, వస్తే ఇష్టమైన ముక్క ఒకటి ఇచ్చి, చాప మీద పడుకోబెట్టడం అలవాటు చేశాము. రెండు నెలలు పట్టింది. ఇప్పుడు రెండుసార్లు మొరిగి, బహుమతి కోసం తానే మా దగ్గరికి నడిచి వస్తుంది. ఆ రెండు మొరుగులను మేము అడ్డుకోము. ఎవరో వచ్చారని చెప్పే హక్కు దానికి ఉండాలి కదా.

పాత గొలుసు:
ఇంత శ్రమ దేనికండీ? పట్టించుకోకండి, అంతే. కుక్క మొరిగేది మన చూపు కోసమే. తిట్టినా అది చూపే, బుజ్జగించినా అది చూపే. మా కుక్క మేము భోజనానికి కూర్చున్నప్పుడల్లా గొంతు చించుకునేది. ఇంట్లో అందరమూ ఒట్టు పెట్టుకుని దానివైపు కన్నెత్తి చూడలేదు, పదకొండు రోజుల్లో మానేసింది. మూలుగుకూ ఇదే మందు.

రాత్రి కాపలా:
"మూలుగుకూ ఇదే మందు" అనే ఈ ఒక్క వాక్యం వల్ల మా ఇంట్లో ఏమి జరిగిందో చెబుతాను. ఎనిమిది వారాల పిల్లను తెచ్చుకున్నాము. రాత్రి మూలిగితే పట్టించుకోవద్దని మాకూ ఎవరో ఇలాగే సలహా ఇచ్చారు. తల్లినీ తోబుట్టువులనూ విడిచి వచ్చిన మొదటి రాత్రి అది వేరే గదిలో రెండు గంటలు ఏడ్చింది. మేము పక్క మీద పళ్ళు బిగపట్టుకుని పడుకున్నాము. ఉదయం చూస్తే పక్కగుడ్డ నిండా విరేచనాలు. బయటికి తీసుకువెళ్ళమని అడగడానికి ఆ పిల్లకు మూలుగు తప్ప మరో భాష లేదు, ఆ భాషకు మేము చెవులు మూసుకున్నాము. తరువాత ఆరు నెలల వరకు అది ఒంటరిగా ఏ గదిలోనూ ఉండలేకపోయింది. రెండో పిల్లను తెచ్చినప్పుడు బుట్టను మా మంచం పక్కనే పెట్టుకుని, రాత్రి ఒకసారి లేచి మౌనంగా బయటికి తిప్పి తెచ్చాము. మూడు వారాల్లో తెల్లవార్లూ నిద్రపోయింది.

పాత గొలుసు:
నేను పెద్ద కుక్క గురించి చెప్పాను. పసిపిల్లను ఏడవనివ్వమని ఎక్కడ అన్నాను? చదివి మాట్లాడితే బాగుంటుంది.

రాత్రి కాపలా:
చదివే మాట్లాడుతున్నాను. మీరు "పెద్ద కుక్క" అనే మాట ఇప్పుడే మొదటిసారి వాడారు. సలహా అడిగినవారి కుక్క మూలిగేది ఇంట్లో ఎవరూ లేనప్పుడు. లేని మనుషులు పట్టించుకోకుండా ఉండడం ఎలాగో కూడా తమరే సెలవివ్వాలి.

శిక్షణలో ఇరవై ఏళ్ళు:
ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. వందల కుక్కలతో పనిచేసినవాణ్ణి కాబట్టి స్పష్టంగా చెబుతాను. బహుమతి ఆగిపోయిన ప్రవర్తన తగ్గే ముందు ఒకసారి ఉవ్వెత్తున లేస్తుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్లు, నాలుగో రోజునో ఐదో రోజునో కుక్క మునుపెన్నడూ లేనంతగా మొరుగుతుంది. నూటికి తొంభైమంది యజమానులు సరిగ్గా అప్పుడే లొంగిపోయి ఒక ముక్క విసిరేస్తారు. ఎప్పుడో ఒకసారి గెలిచే జూదరి ఆట మానడన్న సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్తలు స్కిన్నర్, ఫెర్‌స్టర్ కలిసి 1957లోనే పావురాల మీద చేసిన ప్రయోగాలతో గ్రంథంగా ప్రచురించారు. కాబట్టి మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. అయితే ఇది కావాలని అడిగే మొరుగుడుకు మాత్రమే పనిచేస్తుంది. భయంతో మొరిగే కుక్కకు మీ చూపు బహుమతీ కాదు, అది లేకపోవడం శిక్షా కాదు.

తోకపురాణం:
"నూటికి తొంభైమంది" అన్న లెక్క ఎవరు తీశారో తెలుసుకోవచ్చా?

శిక్షణలో ఇరవై ఏళ్ళు:
అది లెక్క కాదు, నా అనుభవం. ఇరవై ఏళ్ళు ఈ పని చేసి చూడండి, మీకూ అదే అంకె తేలుతుంది.

ఒకప్పటి తొందర:
నేను ఇక్కడ తిట్లు తినడానికే వచ్చానని తెలుసు, అయినా చెబుతాను. మొరిగినప్పుడల్లా కరెంటు షాకు ఇచ్చే మెడపట్టీ వాడాను. రెండు రోజుల్లో ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మూడో వారంలో సైకిల్ మీద వెళుతున్న పిల్లవాణ్ణి చూసి కుక్క మొరగలేదు, గుర్రుమనలేదు, నేరుగా దూకింది. గొలుసు చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. దాని లెక్కలో ఆ మంట పెట్టినది పట్టీ కాదు, ఎదురుగా కనబడిన సైకిల్. నేను తీసేసినది అరుపును మాత్రమే, అరుపు వెనుక ఉన్న భయాన్ని కాదు. పైగా అది హెచ్చరించడం కూడా మరచిపోయింది.

పాత గొలుసు:
మొరిగే కుక్క కరవదని పెద్దలు ఊరికే అన్నారా? మొరగనివ్వకపోతే ఇలాగే అవుతుంది.

రాత్రి కాపలా:
మొరిగే కుక్కలు శుభ్రంగా కరుస్తాయి. మా మేనమామ పిక్క మీద రుజువు ఉంది. సామెతలతో కుక్కలను పెంచకండి.

శిక్షణలో ఇరవై ఏళ్ళు:
ఆ పట్టీ సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే ఆ షాకు పట్టీలను నిషేధించారు. అయితే ఒకప్పటి తొందర గారిని తిట్టను, ఎందుకంటే నేనూ నా మొదటి ఏళ్ళలో గొలుసు గుంజి నేర్పినవాణ్ణే. మనుషులకు వినబడని ధ్వని వదిలే పరికరాలు కూడా ఈ కోవలోవే. మన చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వద్ద ఆగిపోయే శబ్దం కుక్కకు 45,000 వరకు వినబడుతుంది. మనకు నిశ్శబ్దంగా ఉన్న యంత్రం దానికి చెవిలో ఈల.

ముసలిదాని తోడు:
మా కుక్కకు పదమూడేళ్ళు, ఎవరైనా నా గోడు కూడా వింటే సంతోషిస్తాను. పగలంతా నిద్రపోతుంది, అర్ధరాత్రి దాటాక గోడవైపు చూస్తూ ఒకే స్వరంలో మొరుగుతుంది. మొండితనం పెరిగిందని నెల రోజులు విసుక్కున్నాను. పశువైద్యునికి చూపిస్తే చెవులు దాదాపు వినబడడం లేదని, కీళ్ళలో నొప్పి ఉందని, వయసుతో వచ్చే మతిమరుపు కూడా మొదలైందని తేలింది. నొప్పికి మందు, గదిలో చిన్న దీపం, సాయంత్రం పొద్దుపోయాక కొద్దిపాటి నడక, ఈ మూడింటితో వారంలో నాలుగు రాత్రులు నిద్రపోతున్నాము. ఆ నెల రోజుల విసుగు గుర్తుకు వస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అలవాటు హఠాత్తుగా మారితే ముందు శిక్షకుని దగ్గరికి కాదు, వైద్యుని దగ్గరికి వెళ్ళాలి.

తోకపురాణం:
ముసలిదాని తోడు గారూ, నేలపై జారకుండా గరుకు చాపలు పరచి చూడండి. రాత్రి లేచినప్పుడు కాళ్ళు జారితే కూడా అవి భయపడి మొరుగుతాయి.

వీధి చివర ఇల్లు:
అసలు ప్రశ్న ఎక్కడికో పోయింది. నిద్రలేని మనిషి గారూ, మీ కుక్క మూలుగు వియోగ భయమా, ఊసుపోని విసుగా అన్నది ఇక్కడ ఎవరూ ఊహించి చెప్పలేరు. పాత ఫోనును రికార్డింగులో పెట్టి వెళ్ళండి. ఎడబాటు ఓర్వలేని కుక్క సాధారణంగా మీరు వెళ్ళిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది: తలుపు దగ్గర తచ్చాడడం, చొల్లు కార్చడం, గడప గీరడం. విసుగుతో అరిచేది కాసేపు పడుకుని లేచి, ఏమీ తోచక మొదలుపెడుతుంది. మాది మొదటి రకం. మేము తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, వణికిపోయేది. అందువల్ల రోజుకు పదిసార్లు తాళంచెవి తీసి, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునేవాళ్ళము. తరువాత తలుపు తీసి మూయడం, తరువాత పది క్షణాలు బయట నిలబడడం, తరువాత ఒక నిమిషం. అది ఆందోళన పడకముందే తిరిగి రావడమే ఇందులో కీలకం. ఏడిచాక వస్తే చేసిన పని పాడవుతుంది. సాధన జరిగిన నాలుగు నెలలూ దాన్ని ఒంటరిగా వదలకుండా వంతులు వేసుకున్నాము. అన్నింటికంటే కష్టమైనది అదే, దాని గురించి ఎవరూ చెప్పరు.

ఒకప్పటి తొందర:
మందులు వాడారా? నాకు మందులంటే భయం. కుక్క మత్తుగా పడి ఉంటుందేమో.

వీధి చివర ఇల్లు:
వాడాము, వైద్యుడు రాసి ఇచ్చాక. మేము వాడిన ఫ్లుయాక్సెటిన్ ఆందోళన తగ్గించే మందు, మత్తుమందు కాదు, ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. కుక్కల వియోగ భయానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అలాంటిదే మరో మందు క్లోమిప్రమిన్‌ను 1998లో, ఫ్లుయాక్సెటిన్‌ను 2007లో అనుమతించింది. సాధన లేకుండా మందు ఒక్కటే ఇస్తే మాత్రం పెద్దగా ఒరిగేదేమీ లేదు. మనుషులకు రాసిన మాత్రను సగం విరిచి ఇవ్వకండి.

శిక్షణలో ఇరవై ఏళ్ళు:
నేను ఇంతవరకు ఏ కుక్కకూ మందు అవసరం పడకుండానే నేర్పాను.

వీధి చివర ఇల్లు:
మీ దగ్గరికి రాలేకపోయిన కుక్కల సంగతి మీకు తెలిసే అవకాశం లేదు కదా.

నిద్రలేని మనిషి:
అందరికీ కృతజ్ఞతలు. మసక కాగితం అంటించాము. రెండు రోజులకే తేడా ఉంది కానీ, గాలికి ఆడే తెరను చూసి మొరగడం కొత్తగా నేర్చుకుంది. ఫోను కూడా పెట్టి వెళ్ళాము. మేము వెళ్ళాక పన్నెండు నిమిషాలు తలుపు దగ్గర నిలబడి మూలిగింది, గడప దగ్గర నేల తడిసింది. తరువాత పడుకుంది. నిజంగా పడుకుంది, గురక కూడా వినబడింది. అయితే పక్కింటివారి గేటు కిర్రుమన్నప్పుడల్లా మేమే వచ్చామనుకుని లేచి తలుపు దగ్గరికి పరుగెత్తి, ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ పావుగంట మూలిగింది. నాలుగు గంటల్లో ఆ గేటు ఆరుసార్లు తెరుచుకుంది. వారు బయటికి వెళ్ళినా, లోపలికి వచ్చినా వారి చెవిన పడేది మూలుగే కాబట్టి, రోజంతా అనడంలో వారి తప్పు లేదు. ఈ సంగతి వారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండో కుక్క గురించి ఎవరూ చెప్పలేదు.

ముసలిదాని తోడు:
మేము తెచ్చాము. మొదటిది మూలిగేది మన కోసం, మరో కుక్క కోసం కాదు. నెలలో రెండోది కూడా మూలగడం నేర్చుకుంది.

తోకపురాణం:
గేటు గురించి ఏమీ చెప్పకండి. చిన్న సీసాలో నూనె తీసుకువెళ్ళి, కీలుకు రాసి పెడతానని అడగండి. కాదనేవారు ఉండరు.

పాత గొలుసు:
నేను మొదటి నుంచీ చెప్పినది పెద్ద కుక్క గురించే.